కోళ్ల గూడు, ఆవరణలో ఎదురయ్యే చిక్కులు: ఎక్కడ వెతకాలి, ఏం చేయాలి

పొద్దున్నే గూడు తలుపు తీయగానే ముక్కు మండుతుంది

ఆ ఘాటు రెట్టల నుంచి పుట్టే అమ్మోనియాది. నిలబడి చూస్తే అంతగా తెలియదు. మోకాళ్లపై కూర్చుని, కోడి తల ఉండే ఎత్తులో ఊపిరి పీల్చి చూడండి. రాత్రంతా అవి పీల్చింది ఆ గాలినే.

చాలామంది వెంటనే నీళ్లు కొట్టి కడుగుతారు. దాంతో తడి పెరిగి ఘాటు ఇంకా ఎక్కువవుతుంది. అసలు లోపం గూడు కట్టడంలోనే ఉంది: గాలి బయటికి పోయే దారి లేదు. చలి వేస్తుందేమోనన్న జాలితో కంతలన్నీ మూసేది మనమే. ఈకలు పొంగించుకుని కోడి పొడి చలిని బాగానే తట్టుకుంటుంది. దానికి హాని చేసేది చెమ్మ.

కప్పుకు కాస్త కింద, అడ్డకర్రపై కూర్చున్న కోడి తలకన్నా ఎత్తులో, ఎదురెదురు గోడలకు గాలి కంతలు పెట్టండి. జల్లు పడకుండా చూరు ముందుకు దించండి. తడిసిన పొట్టు తీసేసి 10-15 సెంటీమీటర్ల మందాన పొడి రంపపు పొట్టు పరవండి. గుప్పెడు తీసి పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టకూడదు. నీళ్ల తొట్టి లోపల ఉంటే, వీలైతే ఆవరణలోకి మార్చండి.

చీకటి పడినా గూట్లోకి వెళ్లనంటాయి, తురాయి పాలిపోయింది

మొండితనం అనుకుని లోపలికి తోసేయకండి, పాపం. పగలు పగుళ్లలో దాక్కుని, రాత్రి నెత్తురు పీల్చే సన్నటి పురుగులు ఉండవచ్చు. తెల్లవారగానే అడ్డకర్ర అడుగు భాగాన్ని తెల్ల కాగితంతో తుడవండి. ఎర్రటి మరకలు పడితే అనుమానం తీరినట్టే. పొట్టంతా తీసేసి, కర్ర కొసలు, గోడల సందులు గీకి శుభ్రం చేసి, పశువైద్యులు చెప్పిన మందు కొట్టి, బాగా ఆరనివ్వండి. పురుగుల గుడ్ల నుంచి కొత్తవి పుట్టుకొస్తాయి కనుక వారం తర్వాత మళ్లీ అంతా చేయాలి. ఈ రెండోసారిని వదిలేసినందువల్లే బెడద తిరిగి వస్తుంది. అడ్డకర్రను మేకులతో బిగించకుండా ఊడదీసేలా అమర్చుకుంటే ఈ పని సగం తగ్గుతుంది.

గుడ్ల పెట్టెలో పడుకుని పాడు చేస్తున్నాయి

కోళ్లు ఎత్తైన చోటే నిద్రపోతాయి. అడ్డకర్రను పెట్టెకన్నా ఎత్తులో పెట్టండి. నాలుగు పెట్టలకు 30 సెంటీమీటర్ల చదరపు పెట్టె ఒకటి సరిపోతుంది.

ఒకదాని ఈకలు ఒకటి పీకుతున్నాయి

చాలాసార్లు ఇరుకే కారణం. కోడికి గూట్లో 4, ఆవరణలో 10 చదరపు అడుగులైనా ఉండాలి. రక్తం కనబడిన కోడిని వెంటనే వేరు చేయండి.

రాత్రికి రాత్రి ఒక కోడి పోయింది

పలుచటి కోళ్ల వల కోళ్లను లోపల ఆపుతుందే కానీ వేటకు వచ్చిన జంతువును ఆపలేదు, ఆ జంతువు వలను పళ్లతో చింపేస్తుంది. అరంగుళం కన్నుల వెల్డింగ్ మెష్ వేయండి. కంచె అడుగు నుంచి బయటివైపు నేలపై కనీసం 30 సెంటీమీటర్ల వెడల్పున అదే మెష్ పరచి మట్టి కప్పితే, తవ్వబోయిన జంతువుకు అది అడ్డుపడుతుంది. ముక్కుతో ఎత్తితే లేచిపోయే గొళ్లెం వద్దు, గడియ పెట్టండి. చివరగా మిట్టమధ్యాహ్నం గూట్లోకి దూరి తలుపులు వేయించుకుని చూడండి. మెష్ లేని చోట వెలుతురు కనబడితే, సందు ఎంత చిన్నదైనా ఆ రోజే మూసేయండి.