అబద్ధాల చిట్టా రాయడం ఎలా

"బోణీ బేరం అమ్మా, అసలుకే ఇచ్చేస్తున్నా."

తెనాలిలో నాన్న పెట్టిన చీరల కొట్లో కూర్చుని ఈ 30 ఏళ్ళలో ఈ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. ఓ రోజు సాయంత్రం ఆరింటికి కూడా అన్నాను. ఆవిడ గల్లాపెట్టె వంక చూసి, "మరి పొద్దుట్నించీ ఇందులో డబ్బులు ఎవరేశారు నాయనా?" అంది. కొట్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. దొరికిపోయినందుకు కాదు. ఆ మాట అంటున్నప్పుడు అది అబద్ధమని నాకే తట్టలేదు, అదీ బాధ.

అప్పటికే నేను కాస్త జ్ఞానం ఉన్నవాణ్ణని ఊళ్ళో పేరు. ప్రవచనాలు వింటాను, పుస్తకాలు కొంటాను, ఎవరైనా కష్టం చెప్పుకుంటే తగిన శ్లోకం అందిస్తాను. అన్ని తెలిసినవాడికి తన నోట్లోంచి వచ్చిన మాటే తెలియకపోతే ఆ తెలివి దేనికి? ఆ ప్రశ్న పట్టుకుని రెండేళ్ళుగా ఒక పద్ధతి పాటిస్తున్నాను. మీరూ చేసి చూడాలనుకుంటే ఎలా మొదలుపెట్టాలో, నేను ఎక్కడెక్కడ బోల్తా పడ్డానో చెబుతాను.

ముందు ఒక పాత కథ. బుద్ధుడి ఉపదేశాలున్న పాలి గ్రంథం దీఘనికాయంలో ఉంది. అంగదేశంలో చంపానగరం, అంటే ఇప్పటి బీహార్‌లో భాగల్పూర్ దగ్గర. అక్కడ గగ్గర అనే చెరువు గట్టున బుద్ధుడు బస చేశాడు. ఊళ్ళో సోణదండుడని పెద్ద పండితుడు, బింబిసార మహారాజు ఆ ఊరినే ఆయనకి దానంగా ఇచ్చాడు. ఏ గుణాలుంటే బ్రాహ్మణుడంటారని బుద్ధుడు అడిగితే ఆయన ఐదు చెప్పాడు: పుట్టుక, వేదం, రూపం, శీలం అంటే మంచి నడవడి, ప్రజ్ఞ అంటే అవగాహన. ఇందులో ఒకటి తీసేస్తే? రూపం తీసేశాడు. ఇంకొకటి? వేదం. ఇంకొకటి? పుట్టుక కూడా తీసేశాడు. పక్కనున్న పండితులు అయ్యో, మన పరువు తీస్తున్నాడే అని గోల పెట్టారు. ఆయన ఆగలేదు. చివరికి రెండే మిగిలాయి, శీలం, ప్రజ్ఞ. వీటిలో ఒకటి తీసేయొచ్చా అంటే కుదరదన్నాడు. చేతిని చేయి కడిగినట్టు, శీలాన్ని ప్రజ్ఞ కడుగుతుంది, ప్రజ్ఞను శీలం కడుగుతుంది. బుద్ధుడు అవునన్నాడు.

మిషన్ నూనె అంటిన చేతిని ఒక్కదాన్నే కుళాయి కింద పెట్టి చూడండి. నీళ్ళు పోతాయి, జిడ్డు పోదు.

ఇదంతా ఎక్కడో గంగ ఒడ్డు వ్యవహారమని అనుకునేవాణ్ణి. తెనాలిలో రేపల్లె రైలెక్కితే దారిలో భట్టిప్రోలు వస్తుంది. అక్కడి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వితే ధాతువులు, అంటే అస్థికలు, ఉన్న రాతి పేటికలు బయటపడ్డాయి. వాటి మీద బ్రాహ్మీ అక్షరాల్లో నిగమం, అంటే వర్తక సంఘం, సభ్యుల పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి. ఇంచుమించు మా బాపతు వాళ్ళే. వాళ్ళూ బోణీ బేరం అనే ఉంటారు.

ఇక పద్ధతి. బౌద్ధులు పాటించే ఐదు నియమాలు, అంటే పంచశీలాల్లో ఒక్కటే తీసుకోండి. ఐదూ ఒకేసారి మొదలుపెడితే వారంలో వదిలేస్తారు. మీ పని మిమ్మల్ని రోజూ ఏ తప్పు వైపు నెడుతుందో ఆ శీలం పట్టుకోండి. నేను జీవహింస చేయను, మందు ముట్టను అని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. అందులో నా గొప్పేం లేదు, నా పనిలో ఆ రెండింటి అవసరమే రాదు. అమ్మకూడని సరుకులని బుద్ధుడు ఐదు చెప్పాడు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. బట్టలు ఆ జాబితాలో లేవని సంబరపడ్డాను కూడా. కానీ మాట లేకుండా చీర అమ్మలేం. కాబట్టి నాకు మిగిలింది నాలుగోది, అబద్ధమాడకపోవడం.

జేబులో పట్టే చిన్న పుస్తకం, ఒక పెన్సిల్ తీసుకోండి. మొదటి వారం అబద్ధం మానొద్దు. ఇది ముఖ్యం. ఒట్టు పెట్టుకుని మానేద్దామని చూస్తే పుస్తకం దగ్గర కూడా దాచడం మొదలవుతుంది. మామూలుగా ఉండండి, ఆడిన ప్రతి అబద్ధం పక్కకెళ్ళి ఒక ముక్కలో రాయండి. పక్కన ఒక అక్షరం వేయండి. లాభం కోసమైతే 'లా', భయంతో అయితే 'భ', మొహమాటంతో అయితే 'మొ'.

మొదటి రోజు మధ్యాహ్నం భోజనానికే 19 అయ్యాయి. తర్వాత పెన్సిల్ కనబడలేదని రాయడం ఆపేశాను. అది నా చెవి మీదే ఉంది. దాన్నీ కలిపితే 20.

వారం తర్వాత అక్షరాలు లెక్కపెట్టండి. 'లా' నిండిపోయి ఉంటుందనుకున్నాను, వ్యాపారస్తుణ్ణి కదా. సగానికి పైగా 'మొ'లే. "ఫాల్ కుట్టేశారా?" అంటే "అయిపోవచ్చిందమ్మా", చీర ఇంకా కవర్లోంచే తీయలేదు. "ఈ రంగు నాకు నప్పిందా అన్నయ్యా?" అంటే "మీకోసమే నేసినట్టుంది". తోడల్లుడు ఫోన్ చేస్తే "ఊళ్ళో లేను". లెక్క రాయకుండా ఒట్టు మాత్రమే పెట్టుకుని ఉంటే నేను ధరల దగ్గర కాపలా కాసేవాణ్ణి, దొంగ పెరటి గుమ్మంలోంచి వచ్చిపోతూ ఉండేవాడు. శీలం ఎక్కడ నిలబడాలో చూపించేది అవగాహన. అలాగని రాయడమే చాలదు. అబద్ధం ఆడనని ఒక పక్క పట్టు లేకపోతే అది మరో పక్కనించి లాగుతోందని తెలియదు. తాడు బిగిస్తేనే ఎటు లాగుతోందో తెలిసేది.

రెండో వారం నించి ఆపడం. దీనికి బుద్ధుడు కొడుకు రాహులుడికి చెప్పిన పాఠం వాడుకున్నాను. చెంబులో అడుగున కాసిని నీళ్ళు మిగిల్చి, తెలిసి అబద్ధమాడే సన్యాసిలో సారం ఇంతే మిగులుతుందని చూపించి, ఆ నీళ్ళు పారబోసి, చెంబు బోర్లించి చూపిస్తాడు. తర్వాత, అద్దం దేనికిరా అని అడుగుతాడు. చూసుకోవడానికి అంటాడు పిల్లవాడు. అలాగే ఏ పనైనా చేయబోయే ముందు, చేస్తుండగా, చేశాక చూసుకోమంటాడు: ఇది నాకు గానీ ఇతరులకు గానీ చెరుపు చేస్తుందా? నా కొట్లో నిలువుటద్దం ఒకటుంది. 30 ఏళ్ళుగా అందులో కొనేవాళ్ళే చూసుకున్నారు.

అనుభవం మీద ఒక మాట. ఈ మూడు చూపుల్నీ వెనక నించి మొదలుపెట్టండి. మాట అనబోయే ముందు పట్టుకోవడం మొదట్లో ఎవరి వల్లా కాదు. షట్టర్ వేశాక చిట్టా తిరగేయడం అందరికీ వస్తుంది, ఓ పది రోజులు అదే చేయండి. తర్వాత మాట మధ్యలో తెలియడం మొదలవుతుంది. "అసలుకే ఇచ్చే..." అని ఆగిపోతాను, కొనేవాళ్ళు వింతగా చూస్తారు. ఫర్వాలేదు, "ఇంతకంటే తగ్గించలేనమ్మా" అని ముగించండి. ముందే తట్టడం అన్నిటికంటే చివర వస్తుంది. నాకు ఆరు నెలలు పట్టింది.

అది రావడానికి కూర్చోవడం సాయం చేసింది. పొద్దున షట్టర్ సగం ఎత్తి, దీపం పెట్టాక, 15 నిమిషాలు కళ్ళు మూసుకుని ముక్కు దగ్గర ఊపిరి వచ్చిపోవడం చూస్తాను. మంత్రం లేదు, లెక్కపెట్టడం లేదు. మనసు మగ్గం మీదకో బ్యాంకుకో పోతుంది, తెలియగానే వెనక్కి తెచ్చుకోవాలి. సరిగ్గా నేర్చుకోవాలంటే హైదరాబాద్ కుసుమనగర్‌లో 1976 నించి ఉన్న ధమ్మఖేత్త లాంటి విపశ్యన ధ్యాన కేంద్రాల్లో 10 రోజుల శిబిరం ఉంటుంది. ఫీజు లేదు, తెల్లవారుజామున నాలుగింటికే గంట కొడతారు. వెళ్ళగానే పంచశీలం తీసుకుని, తొమ్మిది రోజులు తోటివాళ్ళతో మాట్లాడకుండా ఉండాలి. ఇంత కఠినమెందుకా అనుకున్నాను. నోరు తెరిస్తే నాబోటివాడు ఏదో ఒకటి కల్పిస్తాడనే కాబోలు. బట్టల కొట్టువాళ్ళయితే శ్రావణమాసంలో మాత్రం వెళ్ళకండి, అక్కడ కూర్చుని స్టాకే లెక్కపెడతారు.

అక్కడ నేర్చుకున్నది ఇంటికొచ్చాక పనికొచ్చింది. అబద్ధం నోటికి రాబోయే ముందు నాకు మెడ వెనక బిగుసుకుంటుంది. ఎన్నేళ్ళనించో బిగుసుకుంటూనే ఉండి ఉంటుంది, గమనించింది ఇప్పుడే. మీకు కడుపులోనో అరచేతుల్లోనో ఉండొచ్చు. అది పట్టుకుంటే చిట్టాతో సగం పని తప్పుతుంది.

బౌద్ధంలో ప్రజ్ఞను మూడు రకాలంటారు. విన్నది, ఆలోచించి తేల్చుకున్నది, సాధనలో తనకు తానుగా తెలుసుకున్నది. మా భాషలో చెబుతాను. "రంగు పోదండీ" అని నేను చెబితే మీరు నమ్ముతారు, అది మొదటిది. అంచు కాస్త తడిపి తెల్ల రుమాలుకు రుద్ది చూసి, పోదేమో అని తేల్చుకుంటారు, అది రెండోది. ఇంటికెళ్ళి నాలుగుసార్లు ఉతికాక తెలిసేది మూడోది. అబద్ధం చెరుపు అని నేను చిన్నప్పుడే విన్నాను. ఎందుకు చెరుపో పెద్దయ్యాక వాదించగలిగేవాణ్ణి కూడా. మెడ బిగుసుకోవడం తెలిశాకే ఉతికినట్టయింది.

ఇక బోల్తా పడిన చోటు. నాలుగు నెలలకి చిట్టాలో రోజుకి రెండు మూడే ఉంటున్నాయి. తల కాస్త పైకి లేచింది. ఒకావిడ కాబోయే వియ్యపురాలితో వచ్చి, నిశ్చితార్థానికని వేరే ఊళ్ళో కొన్న మంగళగిరి చీర చూపించి, దీనికి నప్పే జాకెట్టు ముక్క అడిగింది. నేను అంచు చూశాను. చేతి మగ్గం మీద వెడల్పు చెడకుండా పెట్టే బద్ద సూదుల గుర్తులు అంచుల వెంట సన్నగా కనిపిస్తాయి, దీనికి లేవు. "ఇది చేనేత కాదమ్మా, పవర్‌లూమ్" అన్నాను. ఎవరూ నన్ను అడగలేదు. ఆవిడ ముఖం మాడిపోయింది, వియ్యపురాలు చీర వంక చూసి ఊరుకుంది. జాకెట్టు ముక్క తీసుకోకుండానే వెళ్ళారు. ఆ రాత్రి చిట్టాలో ఏమీ రాయలేదు, ఎందుకంటే నేను ఆడింది నిజం. మా ఆవిడ విని, "నిజం చెప్పావా, నీకు చీరలు తెలుసని చెప్పావా?" అంది.

అప్పుడు చిట్టాలో కొత్త అక్షరం చేర్చాను, 'గొ'. గొప్ప కోసం చెప్పిన నిజాలకి. మీరూ మూడో నెల నించే ఈ గడి పెట్టుకోండి, నాలా ఆలస్యం చేయకండి. అభయ రాజకుమారుడికి బుద్ధుడు చెప్పిన కొలత దీనికి సరిపోతుంది. మాట నిజమై ఉండాలి, మేలు చేసేదై ఉండాలి, ఆ రెండూ ఉన్నా సమయం చూసి చెప్పాలి. ఆవిడ ఒక్కతే వచ్చి "ఇది చేనేతేనా?" అని అడిగి ఉంటే చెప్పాల్సిందే. శీలం ఒక్కటే పట్టుకుంటే ఇలాగే మొద్దుబారిన కత్తెరలా బట్టను నములుతుంది.

సోణదండుడి కథ ఇంకా ఉంది. అంత బాగా చెప్పినాయన బుద్ధుణ్ణి భోజనానికి పిలిచి, అయ్యాక ఒక విన్నపం చేసుకున్నాడు. సభలో నేను లేచి మీకు నమస్కరిస్తే నా వాళ్ళు నన్ను చులకన చేస్తారు, పేరు తగ్గితే రాబడి తగ్గుతుంది. అందుకని సభలో చేతులు జోడిస్తే లేచి నిలబడ్డాననుకోండి, తలపాగా తీస్తే పాదాలకు మొక్కాననుకోండి, బండిలో ఉన్నప్పుడు ములుకోల ఎత్తితే దిగాననుకోండి అన్నాడు. మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. చిట్టా రాశాక నవ్వు రాలేదు. అది అచ్చంగా 'మొ', పక్కన చిన్న 'లా' కూడా.

మొహమాటం అబద్ధాలకి మందు ముందే తయారుగా ఉన్న మాటలు. వేడిలో వెతుక్కుంటే అలవాటైన అబద్ధమే వస్తుంది. నేను పది పన్నెండు రాసి గల్లాపెట్టె మూత లోపల అంటించాను. ఫాల్ గురించి అడిగితే, "ఇంకా మొదలవలేదమ్మా, ఎల్లుండి సాయంత్రం రండి, ముందు ఫోన్ చేయండి." రంగు నప్పిందా అంటే, "ఆ ముదురుది కూడా ఒకసారి వేసుకుని చూడండి." అప్పడిగితే, "ఈ నెల ఇవ్వలేను." అంతే, కారణం చెప్పొద్దు. కారణం దగ్గరే కల్పన మొదలవుతుంది.

అమ్మకాలు పెరిగాయా అని మిత్రులు అడుగుతారు. లేదు. కొన్ని బేరాలు పోయాయి. కొట్లో పనిచేసే కుర్రాడు మాత్రం ఓసారి, "బాబాయ్, నువ్వు ఆగిపోతే నాక్కూడా ఆగిపోతోంది" అన్నాడు, అది విసుగో మెచ్చుకోలో తెలియలేదు.

ఇప్పుడు రెండో శీలానికి వెళ్తున్నాను, ఇవ్వనిది తీసుకోకపోవడం. తానులోంచి బట్ట కొలిచేటప్పుడు మీటరు బద్ద చివర బొటనవేలు కాస్త ముందుకు జరుగుతుంది. ఎవరూ చూడరు, అరంగుళం. నాన్న వేలూ అలాగే జరిగేది. దానికి చిట్టా ఎలా రాయాలో ఇంకా తేలలేదు, ముందు వేలికి పసుపు రాసుకుని ఎంత జరుగుతోందో చూస్తున్నాను.

పాత చిట్టా నడుస్తూనే ఉంది. నిన్నటి లెక్క నాలుగు. మూడు 'మొ'లు. నాలుగోది మా ఆవిడతో అన్నది, దాని పక్కన ఏ అక్షరం వేయాలో ఇంకా ఆలోచిస్తున్నాను.