అమెరికా స్టేట్ యూనివర్సిటీలో సీటు వస్తుందా రాదా? లెక్క ఇలా వేసుకోండి

గూగుల్‌లో యూనివర్సిటీ పేరు కొట్టగానే కనిపించే అడ్మిషన్ శాతం చూసి పొంగిపోకండి, బెంగపడనూ వద్దు. అది అందర్నీ ఒకే గాటన కట్టి తీసిన సగటు. అమెరికాలో స్టేట్ యూనివర్సిటీకి ఆ రాష్ట్ర ప్రజల పన్నుల డబ్బు కూడా అందుతుంది కాబట్టి చాలాచోట్ల సొంత రాష్ట్రం పిల్లలది ఒక లైను, బయటివాళ్లది ఇంకో లైను.

ఉదాహరణకి 10,000 మంది అప్లై చేస్తే 4,000 మందికి సీటిచ్చారనుకుందాం. 40 శాతం, బాగానే ఉంది. కానీ సొంత రాష్ట్రం వాళ్లు 6,000 మందిలో 3,200 మందికి వచ్చి, బయటివాళ్లు 4,000 మందిలో 800 మందికే వచ్చిందంటే, బయటినుంచి అప్లై చేసేవాళ్లకి అది 20 శాతమే. యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా చాపెల్ హిల్ క్యాంపస్‌లో అయితే ఫస్టియర్ సీట్లలో బయటివాళ్లకి దశాబ్దాల పాటు 18 శాతమే పరిమితి. వీసా మీద ఉన్న కుటుంబాల పిల్లల్ని సొంత రాష్ట్రం వాళ్లుగా (ఇన్-స్టేట్) లెక్కేస్తారా అన్నది రాష్ట్రానికో రకంగా ఉంటుంది, వీళ్లనీ వాళ్లనీ అడిగే బదులు ఆ యూనివర్సిటీ ఆఫీసుకే మెయిల్ పెట్టండి.

మీ లైను తేలాక యూనివర్సిటీ పేరు పక్కన 'కామన్ డేటా సెట్' అని కొట్టి వెతకండి. అడ్మిషన్ల లెక్కలుండే ఈ పత్రాన్ని చాలా యూనివర్సిటీలు ఏటా పెడతాయి, సీ1, సీ7, సీ9 అనేవి అందులోని విభాగాలు. సీ1లో ఎంతమంది అప్లై చేశారు, ఎంతమందికి వచ్చింది. సీ7లో గ్రేడ్లు, వ్యాసం, యాక్టివిటీస్‌లో దేనికి ఎంత విలువిస్తారు. సీ9లో శాట్, ఏసీటీ అనే అడ్మిషన్ పరీక్షల స్కోర్లు ఉంటాయి. సీ9 దగ్గర ఒక మెలిక ఉంది. అవి చేరినవాళ్లలో స్కోరు పంపినవాళ్లవి మాత్రమే. స్కోరు పంపడం ఐచ్ఛికం అయిన చోట తక్కువ వచ్చినవాళ్లు అసలు పంపరు కదా, అందుకే ఆ అంకెలు ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తాయి, వాటిని చూసి టెన్షన్ పడి కాలేజీని లిస్టులోంచి తీసేయకండి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అయితే అడ్మిషన్‌కి శాట్ చూడనే చూడదు. జీపీఏ (గ్రేడ్ల సగటు) కూడా తన పద్ధతిలో, 10, 11 తరగతుల గ్రేడ్లతో మళ్లీ లెక్కేస్తుంది, ఆనర్స్, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) లాంటి కఠినమైన క్లాసులకి కలిపే అదనపు పాయింట్లకీ పరిమితి ఉంది. కాబట్టి మీ స్కూలు రిపోర్టులో ఉన్న 4.6ని అక్కడ పట్టుకెళ్లి పోల్చుకోవడం దండగ.

ఇక అసలు దెబ్బ మేజర్ దగ్గర, అంటే డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టు దగ్గర. కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్, నర్సింగ్‌లకి చాలాచోట్ల పోటీ యూనివర్సిటీ మొత్తం శాతం కంటే బాగా గట్టిగా ఉంటుంది, ఆ వివరం సీ1లో దొరకదు. టెక్సస్‌నే చూడండి. అక్కడి హైస్కూల్లో క్లాసులో పైవరసలో ఉన్న పిల్లలకి యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఆస్టిన్ క్యాంపస్‌లో ఆటోమేటిక్‌గా సీటివ్వాలని చట్టం, ఆ గీత 2026 ఫాల్ సెమిస్టర్ (ఆగస్టులో మొదలయ్యేది) నుంచి పై 5 శాతం. కానీ ఆ గ్యారంటీ యూనివర్సిటీకే, కోరుకున్న మేజర్‌కి కాదు! ఈ తేడా తెలియక ఫలితాలొచ్చాక ఏప్రిల్‌లో తలపట్టుకునే ఇళ్లు చాలానే ఉంటాయి.

"మా వాడికీ ఇవే మార్కులు, వాడికి వచ్చిందిగా" అనే మాటని లెక్కలోకి తీసుకోకండి, వాడి మేజర్ ఏంటో, ఏ లైన్లో నిలబడ్డాడో మీకు తెలీదు. దానికంటే మీ స్కూల్లో నావియన్స్ (కాలేజీ అప్లికేషన్ల కోసం స్కూళ్లు వాడే వెబ్‌సైట్) ఉంటే అందులో గత ఏళ్లలో మీ స్కూలు నుంచే అప్లై చేసినవాళ్ల జీపీఏ, ఫలితం చుక్కల్లా కనిపిస్తాయి, అవి చూడండి. లేకపోతే కౌన్సెలర్‌ని అడగండి.

ఇవన్నీ చూశాక 37 శాతం, 42 శాతం అని తేల్చుకోవాలని చూడకండి, అంత కచ్చితత్వం ఈ అంకెల్లో లేదు. కష్టం, మధ్యస్థం, దాదాపు ఖాయం అని మూడు గంపల్లో వేసుకుంటే చాలు. మీ లైన్లో, మీ మేజర్‌కి 20 శాతం లోపు ఉంటే ఎంత మంచి మార్కులున్నా అది కష్టం గంపలోకే. దాదాపు ఖాయం గంపలో కనీసం రెండు పెట్టుకోండి, అవీ మీరు నిజంగా చేరడానికి ఇష్టపడేవి, ఫీజు కట్టగలిగేవి అయ్యుండాలి.