స్థిరాస్తి పెట్టుబడి, నాలుగో పాఠం: మీ చాకిరీకి జీతం వేశారా?

ఈ పాఠంలో నేరుగా రీట్‌లలోకి, అంటే చాలామంది డబ్బు పోగేసి అద్దె ఆస్తులు నడిపి ఆ ఆదాయాన్ని పంచే సంస్థల్లోకి, వెళ్దామనుకున్నాను. మూడో పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక వెనక్కి రాక తప్పలేదు. ఆస్తి నికర ఆదాయం కట్టమంటే సగానికి పైగా అద్దెలోంచి ఈఎమ్ఐ తీసేసి మిగిలింది రాశారు. అది మైనస్‌లో తేలినవాళ్లు "ఈ ఇల్లు దండగ" అని తీర్పు కూడా ఇచ్చేశారు. ఇల్లు దండగో కాదో ఆ అంకె చెప్పదు. మీరు తెచ్చిన అప్పు ఎంత ఖరీదైనదో చెబుతుంది, అంతే.

పాత ఉదాహరణే తీసుకుందాం. ధర, రిజిస్ట్రేషన్, కమీషన్ అన్నీ కలిపి ఆస్తికి అయిన ఖర్చు 1,000. ఏ కరెన్సీ అయినా సరే. ఏడాది అద్దె 84. ఒక నెల ఖాళీగా ఉంటుందని 7 తీసేస్తే 77. ఆస్తి పన్ను, ఇన్సూరెన్స్, రిపేర్లు, మెయింటెనెన్స్ కలిపి 21 పోతే మిగిలేది 56. అంటే 5.6 శాతం. అప్పు చేసి కొన్నా, చేతిలో డబ్బుతో కొన్నా ఆ బిల్డింగ్ సంపాదన ఇదే. ఈఎమ్ఐకి ఈ లెక్కలో చోటు లేదు.

ఇప్పుడు అప్పును వేరే కాగితం మీద పెట్టండి. సొంత డబ్బు 400, అప్పు 600, వడ్డీ 9 శాతం, గడువు 20 ఏళ్లు. ఏడాది ఈఎమ్ఐలు దాదాపు 65 అవుతాయి. మొదటి ఏడాది అందులో వడ్డీ సుమారు 53.5, మిగతా 11 చిల్లర అసలు కింద జమ. 56 వచ్చి 65 పోతోంది కాబట్టి జేబులోంచి 9 వేసుకోవాలి. నెల నెలా అంత వేసుకోగలరా అన్నది నిజంగా ఆలోచించాల్సిన విషయమే. కానీ అసలు కింద కట్టింది ఖర్చు కాదు, అది మీ వాటాను పెంచుతోంది. వడ్డీ మాత్రమే తీసేస్తే 2.5 మిగులుతుంది, సొంత 400 మీద 0.6 శాతం. అదే అప్పు 4 శాతానికి దొరికితే వడ్డీ దాదాపు 24 పోయి 32 మిగులుతుంది, అంటే సుమారు 8 శాతం. బిల్డింగూ అదే, అద్దే అదే. ఆస్తి రాబడి వడ్డీ రేటు కంటే ఎక్కువుంటే అప్పు మీకు కలిసొస్తుంది, తక్కువుంటే మీ వాటాను తినేస్తుంది. ధర పెరుగుదలను ఈ కాగితం మీదకి తేకండి, దాని లెక్క వేరు.

ఇక నన్ను బాగా బాధపెట్టిన సంగతి. వచ్చిన జవాబుల్లో ఒక్కదాంట్లోనూ సొంత శ్రమకు విలువ కట్టలేదు. "నేనే చూసుకుంటాను కదా, ఖర్చేముంది" అన్నారు.

అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసే ఒక్క రోజు చూడండి. తాళాలు తీసుకోవాలి. గోడలు, బాత్రూం, స్విచ్‌బోర్డులు తనిఖీ చేసి ఫొటోలు తీయాలి. కరెంటు మీటరు రీడింగు రాసుకుని, పాత బాకీలు చూసుకుని, అడ్వాన్సులో ఎంత పట్టుకోవాలో మాట్లాడుకోవాలి. మర్నాటి నుంచి పెయింటరు వెంటపడాలి, ఫొటోలతో ప్రకటన ఇవ్వాలి, చూడటానికి వచ్చేవాళ్ల కోసం నాలుగుసార్లు తలుపు తెరవాలి, కొత్తవాళ్ల వివరాలు ఆరా తీయాలి, ఒప్పందం రాయించాలి. ఇదంతా పనే. ఇదే పని ఇంకొకరికి అప్పగిస్తే డబ్బు తీసుకుంటారు. మీరు చేస్తే ఆ డబ్బు మీకు కూలిగా మిగిలింది. దాన్ని ఆస్తి రాబడి అనుకోవడమే తప్పు. ఇంటి ముందు కొట్టు పెట్టుకుని పొద్దస్తమానం తానే కూర్చునే మనిషి, తన జీతాన్ని కూడా కొట్టు లాభంలోనే కలిపి రాసుకున్నట్టుంటుంది.

అందుకని మీరే చూసుకుంటున్నా సరే, వసూలైన అద్దెలో పదో వంతు నిర్వహణ కింద తీసేయండి. ఆ పని బయటివాళ్లకిస్తే మీ దగ్గర ఎంత తీసుకుంటారో తెలిస్తే ఆ అంకె వేయండి, తెలియకపోతే పది శాతం. మన ఉదాహరణలో 77లో 7.7 పోతుంది. నికర ఆదాయం 48.3కి, రాబడి 4.8 శాతానికి దిగుతుంది. అప్పు లేకుండా కొన్నవాళ్లు రీట్‌తోనో ఫండ్‌తోనో పోల్చాల్సింది ఈ 4.8నే, అప్పుంటే దాని వడ్డీ కూడా తీసేశాక మిగిలిందాన్ని. 5.6ని పోల్చారంటే మీ ఆదివారాలు ఉచితమని ఒప్పుకున్నట్టే. పాత ఇల్లు కొని బాగుచేసి అమ్మడం, రోజువారీ అద్దెకు ఇవ్వడం లాంటి వాటిలో ఈ కోత ఇంకా పెద్దది. అవి పెట్టుబడి కంటే వ్యాపారానికి దగ్గర. చేయొద్దనడం లేదు, మీ పనికి జీతం వేశాకే లాభం ఎంతో చెప్పండి.

ఇప్పుడు రీట్‌లు. రీట్‌లో వాటాలను యూనిట్లంటారు. వాటిని ఎలా కొనాలో చెప్పను, షేర్లు కొన్నట్టే. ఈ పద్ధతికి 1960లో అమెరికా చట్టం దారి వేసింది. మన దేశంలో షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనలు 2014లో వచ్చాయి, మొదటి రీట్ 2019లో ఎక్స్ఛేంజీలో లిస్టయింది. పంచగల నగదులో కనీసం 90 శాతం యూనిట్‌దారులకు పంచాలి. ఆస్తుల్లో కనీసం 80 శాతం పూర్తయి, అద్దె తెస్తున్నవై ఉండాలి. మీ చేతికొచ్చే పంపిణీలోంచి మేనేజరు ఫీజు, రీట్ చేసిన అప్పు మీద వడ్డీ ముందే పోయి ఉంటాయి. అంటే అక్కడ జీతాలు, అప్పు రెండూ లెక్కలో ఉన్నాయి. మీ ఇంటి లెక్కలో రెండూ లేకుండా పక్కపక్కన పెడితే అది పోలిక కాదు.

రెండు జాగ్రత్తలు. పంపిణీ అంతా సంపాదన కాదు, కొంత మీరు పెట్టిన అసలే తిరిగి రావచ్చు. వడ్డీ, డివిడెండ్, అసలు వాపసు ఎంతెంతో రీట్ విడిగా చూపిస్తుంది, అది చూశాకే శాతం కట్టండి. ఇక "రీట్ ధర రోజూ ఊగుతుంది, ఇల్లు నిలకడగా ఉంటుంది" అనేవాళ్లకు ఒకటే మాట. మీ ఇంటికి రోజూ ధర కట్టేవాళ్లు లేరు కాబట్టి ఊగడం కనబడదు. అమ్మకానికి పెట్టిన రోజున కనబడుతుంది.

కట్టడం పూర్తికాకముందే "నెల నెలా ఇంత గ్యారంటీ" అనే పథకాల గురించి అడిగారు. అద్దెకున్నవాళ్లే లేని చోట అద్దె ఎక్కడి నుంచి వస్తుంది? చాలాసార్లు మీరు కట్టిన ధరలోంచే వస్తుంది. నేనైతే వాటి జోలికి పోను.

నా మొగ్గు కూడా చెప్పేస్తాను. ఉద్యోగంలో తీరిక లేనివాళ్లకు, డబ్బు ఎప్పుడు అవసరపడుతుందో తెలియనివాళ్లకు నేను రీట్ వైపే చూపిస్తాను. రిపేరు పనులు తెలిసి, ఆస్తికి దగ్గర్లో ఉండి, బేరమాడగలిగేవాళ్లకు సొంత ఆస్తిలో అదనంగా మిగులుతుంది. ఆ అదనం వాళ్ల నైపుణ్యానికి దక్కే ఫలం.

అభ్యాసం. కాస్త శ్రమ ఉంది, తప్పించుకోకండి. మీ ఆస్తినో తెలిసినవాళ్ల ఆస్తినో తీసుకుని మూడు కాగితాలు రాయండి: బిల్డింగ్ సంపాదన, అప్పు, మీ చాకిరీ. చాకిరీ కాగితానికి వచ్చే నెలంతా ఫోన్ మాట్లాడిన పది నిమిషాలతో సహా సమయం రాసుకోండి. తర్వాత ఏదైనా ఒక రీట్ వార్షిక నివేదిక తెరిచి నాలుగు అంకెలు వెతకండి: ఖాళీగా ఉన్న స్థలం శాతం, ఆస్తుల విలువలో అప్పు వాటా, మేనేజరు ఫీజు, పంపిణీలో అసలు వాపసు. అప్పు వాటా ఒక్కో నివేదికలో ఒక్కోచోట ఉంటుంది. ఏ పేజీలో దొరికిందో కూడా రాసి పంపండి, ఐదో పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను.