నల్లుల భయం పట్టుకుంటే ఏం చేయాలి?

రాత్రి రెండింటికి లైటు వేసి, దుప్పటి మీద కనిపించిన నల్ల చుక్కని గోటితో గీకి చూసి, అది దారపు ఉండ అని తేలాక కూడా మళ్లీ నిద్రపట్టని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేనూ ఆ బాపతే. మా మంచంలో నల్లులు పడ్డాయి, మందు కొట్టించాం, పోయాయి. అవి పోయిన మూడు నెలల దాకా నాకు ఒళ్లంతా ఏదో పాకుతున్నట్టే ఉండేది. నల్లులకు మందు కొడితే పోతాయి గానీ భయం ఆ మందుకు పోదని అప్పుడు తెలిసొచ్చింది.

1. దురదని నమ్మకండి, పురుగుని వెతకండి

దద్దురు చూసి ఇది నల్లి, ఇది దోమ అని చెప్పడం డాక్టర్లకే కష్టం. పైగా నల్లి కుట్టిన మచ్చ కొందరికి మర్నాడే తేలుతుంది, కొందరికి చాలా రోజులకు, కొందరికి అసలు రాదు. అందుకే ఒకే మంచం మీద పడుకున్న ఇద్దరిలో ఒకరు గోక్కుంటూ ఉంటే రెండోవాళ్లు "అంతా నీ భ్రమ" అని కొట్టిపారేస్తుంటారు. వాళ్ల మాటా తీసుకోకండి, మీ దద్దురునీ సాక్ష్యంగా తీసుకోకండి.

పగటిపూట టార్చి లైటు, పనికిరాని ప్లాస్టిక్ కార్డు ఒకటి తీసుకుని కూర్చోండి. పరుపు అంచుల కుట్టు, మూలలు, మంచం చెక్కల అతుకులు, మేకులు దిగిన సందులు, ముఖ్యంగా తల పెట్టుకునే వైపు, కార్డుతో గీస్తూ చూడాలి. పెద్ద నల్లి ఆపిల్ గింజంత ఉంటుంది, దాదాపు 5 మిల్లీమీటర్లు, బల్లపరుపుగా, ఎర్రటి గోధుమ రంగులో. గుడ్లు తెల్లగా మిల్లీమీటరు ఉంటాయి. అవి విడిచిన పొట్టు కూడా దొరకొచ్చు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేవి నల్ల చుక్కలు, స్కెచ్ పెన్ను మొన బట్టకి ఆనించినట్టు ఉంటాయి. తడి గుడ్డతో రుద్దితే అది తుప్పు రంగులో పులుముకుంటుంది, దారం గానీ మట్టి గానీ అలా పులుముకోవు. నాకు చాలా రాత్రులు ఈ తడిగుడ్డ పరీక్షే ఊపిరి పోసింది.

పురుగే దొరికితే నలిపేయకుండా టేపుతో కాగితానికి అంటించి, పురుగుల మందు కొట్టేవాళ్లలో అనుభవం ఉన్నవాళ్లకి చూపించండి.

2. వెతకడానికి ఒక టైము పెట్టుకోండి

వారానికి ఒక్కసారి, పగలు, ఇరవై నిమిషాలు. అంతే. మిగతా రాత్రుల్లో టార్చి ముట్టుకోవద్దు. చూసిన ప్రతిసారీ ఐదు నిమిషాలు హాయిగా ఉంటుంది, ఆ తర్వాత "ఆ మూల సరిగ్గా చూశానా?" అన్న అనుమానం మొదలవుతుంది, అలా చూసేకొద్దీ చూడాలనిపిస్తుంది.

మరి రాత్రి కాపలా ఎవరు? మంచం కోళ్ల కింద పెట్టే నల్లుల ట్రాపులు దొరుకుతాయి, లోపలి గోడలు నున్నగా ఉండే చిన్న గిన్నెల్లాంటివి. నల్లికి ఎగరడం రాదు, దూకడం రాదు, నున్నటి గోడ ఎక్కడం కూడా చేతకాదు, అందులో పడితే అక్కడే ఉంటుంది. మంచాన్ని గోడకి దూరంగా జరిపి, దుప్పటి నేలకి తగలకుండా సర్ది, కాపలా పని ఆ గిన్నెలకి అప్పజెప్పి పడుకోండి.

3. కంగారులో ఇవి చేయకండి

ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు అంటారు కదా, నల్లుల విషయంలో నిజంగానే అలా చేసినవాళ్లున్నారు. కిరోసిన్, స్పిరిట్ మంచం మీద చల్లొద్దు. పొలాల్లో కొట్టే మందు పడకగదిలో వాడితే ప్రాణాలకే ముప్పు. పొగలా వదిలే మందు డబ్బాలు కూడా దండగే, ఆ పొగ అవి దాక్కున్న సందుల్లోకి వెళ్లదు. ఇంకో గదిలోకి మకాం మార్చొద్దు, మన ఒంటి వేడినీ ఊపిరినీ పట్టుకుని అవీ వస్తాయి.

4. నిజంగానే ఉంటే

బట్టలు, దుప్పట్లు 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి, డ్రయ్యర్ ఉంటే బాగా వేడి మీద అరగంట. మందు కొట్టించడం ఒక్కసారితో అవ్వదు, చాలా మందులకి గుడ్లు చావవు, అవి పిల్లలయ్యాక వారం రెండు వారాల్లో మళ్లీ కొట్టాలి. కాబట్టి మొదటిసారి కొట్టించాక ఒకటి రెండు కనిపిస్తే టెన్షన్ పడకండి. ఇంకో మాట, నల్లుల వల్ల మనుషులకి రోగాలు అంటుకుంటాయని ఇంతవరకూ రుజువు కాలేదు. అసహ్యమే, కానీ ప్రమాదం తక్కువ.

5. ఏమీ లేకపోయినా పాకుతున్నట్టుంటే

ఇది చదువుతూ మీరు ఈపాటికి ఎక్కడో ఒకచోట గోక్కునే ఉంటారు. పురుగుల మాట వింటే ఎవరికైనా అంతే. రాత్రి పాకినట్టు అనిపించినప్పుడు వెంటనే లైటు వేయకుండా పది నిమిషాలు ఆగండి. దురద ఉన్నచోట తడి గుడ్డ వేసి అరచేత్తో అదిమి పట్టుకోండి, గోరు మాత్రం తగలనివ్వొద్దు. ఫోనులో నల్లుల ఫోటోలు వెతకడం పూర్తిగా మానేయండి. మొదటి వారం పది నిమిషాలు యుగంలా ఉంటుంది, నాకైతే రెండో వారానికి మధ్యలోనే నిద్ర పట్టేసేది.

6. డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర రాత్రిళ్లు దురద ఎక్కువై, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంటే అది గజ్జి కావచ్చు, చర్మం డాక్టర్ని కలవండి. దానికి ఇంట్లో అందరూ ఒకేసారి మందు వాడాలి.

నెలన్నర రెండు నెలలుగా ట్రాపుల్లో ఏమీ పడకపోయినా పుండ్లు పడేలా గోక్కుంటున్నా, దొరికిన ప్రతి నలుసునీ దాస్తున్నా కూడా వెళ్లాలి. నేను టేపు ముక్కలు ఇరవై దాకా ఒక డబ్బాలో దాచాను, అన్నీ దారాలూ చుండ్రే. ఇలా అగ్గిపెట్టెలో నలుసులు పోగేసి తెచ్చేవాళ్లు ఎంతమంది అంటే వైద్యులు దానికి అగ్గిపెట్టె లక్షణం అనే పేరే పెట్టారు. ఒంట్లో పురుగులున్నాయన్న గట్టి నమ్మకాన్ని 1930ల్లో స్వీడన్ వైద్యుడు ఎక్‌బోమ్ వివరించాడు, దానికి మందులున్నాయి, పనిచేస్తాయి కూడా. థైరాయిడ్, కిడ్నీ, లివర్ సమస్యలు, రక్తంలో ఐరన్ తగ్గడం, వాడుతున్న మాత్రలు కూడా దురద తెప్పిస్తాయి, కాబట్టి రక్తపరీక్షలు రాస్తే చేయించుకోండి. మానసిక వైద్యుణ్ణి కలవమంటే చిన్నబుచ్చుకోకండి. వెళ్లేటప్పుడు ఆ డబ్బా దాచకుండా పట్టుకెళ్లండి, దురద ఎప్పటినుంచి, ఎక్కడెక్కడ, ఏ మాత్రలు వేసుకుంటున్నారు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అనేది కాగితం మీద రాసుకెళ్లండి, ఎందుకంటే లోపలికి వెళ్లాక సగం మర్చిపోతాం.