నైట్ డ్యూటీ దిగాక వార్డును ఇంటికి మోసుకుపోకుండా

తొలకరి పడి పత్తి చేలల్లో మందు కొట్టుడు మొదలైతే నల్లగొండలో మా వార్డుకు పురుగుల మందు తాగిన కేసులు పెరుగుతాయి. ఆ విషానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఎక్కుతున్న మనిషి నాడి, చెమట, ఛాతీలో గురగుర మాటిమాటికీ చూస్తుండాలి. అంతలోనే పక్క మంచం నుంచి “సిస్టరమ్మా, సెలైన్ అయిపోయింది” అని కేక.

చేరిన కొత్తలో పొద్దున నకిరేకల్ బస్సెక్కినా నా మనసు వార్డులోనే ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం దిగ్గున లేచి, 11వ మంచం ఆయన పొటాషియం రిపోర్టు సంగతి చెప్పానో లేదోనని వార్డుకు ఫోన్ చేశాను. చెప్పలేదు. అదృష్టం, పొద్దుటి సిస్టర్ చూసుకుంది. అప్పటి నుంచి తలలో ఏదీ దాచుకోను.

డ్యూటీ ఎక్కగానే తెల్లకాగితం తీసుకుని మంచానికో గీత గీయండి. పేర్లు వద్దు, మంచం నంబర్లు చాలు. ఏ మందు ఎన్నింటికి, ఏ రిపోర్టు రావాలి, డ్యూటీ డాక్టర్‌కు ఏం చెప్పాలి, అన్నీ అందులోనే. అయింది కొట్టేయండి. పొద్దున వచ్చే సిస్టర్‌కు డ్యూటీ అప్పగింత (హ్యాండోవర్) టేబుల్ దగ్గర కాదు, మంచం దగ్గర నిలబడి ఇవ్వండి. మిగిలిపోయిన పనే ముందు చెప్పండి. వచ్చిన సిస్టర్‌తో దాన్ని తిరిగి చెప్పించుకోండి. మొదట్లో “ఏందక్కా, పరీక్షనా?” అని నవ్వుతారు. నవ్వనివ్వండి. తర్వాత కాగితం చింపేసి బయటపడండి.

చాయ్ చివరిది తెల్లవారుజామున 3 గంటలకే. కెఫీన్ సగం తగ్గడానికే ఇంచుమించు 5 గంటలు పడుతుంది. 6 గంటలకు తాగితే 9కి నిద్రెట్లా వస్తుంది?

రోగి వెంట వచ్చిన అటెండెంట్లు మీద పడి అరుస్తుంటే వాదనకు దిగకండి. వాళ్లలో ఒక్కరితోనే మాట్లాడండి, తలుపు మీ వెనక ఉండేలా నిలబడండి. “పది నిమిషాల్లో వస్తా” అంటే పదో నిమిషంలో వెళ్లండి, డాక్టర్ రాకపోయినా సరే. చెయ్యెత్తితే మాత్రం సర్దుకుపోవద్దు. ఆసుపత్రి సిబ్బందిపై దాడులకు 2008 నుంచి మనకు ప్రత్యేక చట్టం ఉంది, 3 ఏళ్ల దాకా జైలు. ఆ రోజే రాసి ఇవ్వండి. “పోనీలే సిస్టర్” అనేవాళ్లు మీ పక్కనే ఉంటారు, వినకండి.

ధ్యానం చేయమని చెప్పేవాళ్లంటే నాకు కొంచెం కోపం. నలభై మంచాలకు ఇద్దరిని వేసి ఊపిరి పీల్చి వదలమంటే ఎట్లా? ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో పనితో మనసు అలిసిపోయే ఈ ‘బర్నౌట్’ను జబ్బు అనలేదు, పని చోట తగ్గని ఒత్తిడి వల్ల వచ్చేదన్నది. అందుకే రిపోర్టు బుక్కులో ప్రతి షిఫ్టుకు రోగులెందరు, సిస్టర్లెందరు అని తేదీ వేసి రాయండి. నోటిమాటగా అడిగితే “చూద్దాం” అంటారు. మూడు నెలల లెక్క ముందు పెడితే కనీసం కూర్చోబెట్టి మాట్లాడతారు.

డ్యూటీ లేని రోజు కూడా ఏడుపొస్తుంటే, నిద్ర పట్టకపోతే 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ అది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నర్సునని చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

ఇంట్లో ఇంకో పని ఉంది. మధ్యాహ్నం 2 దాకా తలుపు కొట్టొద్దని మా అత్తమ్మకు చెప్పడానికి నాకు ఆరేళ్లు పట్టింది. చెప్పాక ఆమె అన్నది ఒక్కటే: “ముందే చెప్పొచ్చు కదనే.”