కాపీ ఉంది కదా అని అసలు డిస్కు పారేయకండి

పోయిన భోగికి ముందు మా బంధువుల ఇంట్లో ఇల్లు దులుపుతూ, పాత పేపర్లతో పాటు ఒక డీవీడీని కూడా పాత సామాన్లవాడికి వేసేశారు. అది 2008 నాటి పెళ్లి వీడియో. తక్కువ పట్టే డిస్కులోకి కుదించి కాపీ చేసుకున్నాం కదా, ఇంకా ఇదెందుకు అనుకున్నారు. ఉగాదికి అందరూ కూర్చుని ఆ కాపీ పెట్టుకున్నారు. గౌరీపూజ దాకా బాగానే నడిచింది. తరవాత కన్యాదానం రాలేదు, బొమ్మ ఎగిరి మాంగల్యధారణ దగ్గర పడింది. తలంబ్రాల దగ్గరైతే మొహాలన్నీ గళ్లు గళ్లుగా విడిపోయాయి. కాళ్లు కడిగి కన్యాదానం చేసింది పెళ్లికూతురి తాతగారు. ఆయన ఇప్పుడు లేరు. ఆయన మాట వినిపించే వీడియో ఆ ఇంట్లో అదొక్కటే.

మళ్లీ ఇళ్లు దులిపే రోజులు వస్తున్నాయి కాబట్టి ఇది రాస్తున్నాను. ఏ బటన్ నొక్కాలో చెప్పను, అది మీకు తెలుసు. కొన్న సినిమా డిస్కుల సంగతి కూడా కాదు, మన ఇంటి వీడియోల గురించే.

నిడివి ఎక్కువున్న పెళ్లి వీడియోలను రెండు పొరల డిస్కులో ఇస్తారు, 8.5 జీబీ పడుతుంది. మామూలు ఖాళీ డిస్కుకు ఒకే పొర, 4.7 జీబీ. అంటే దాదాపు సగం తగ్గించాలి. వీడియోను కుదించే డీవీడీ ష్రింక్ లాంటి ప్రోగ్రాములు చేసేది బట్టలు మడతపెట్టి సర్దడం లాంటిది కాదు. అవి బొమ్మలోని వివరాన్ని తీసి పారేస్తాయి. మళ్లీ పెద్ద డిస్కులోకి ఎక్కించినా పోయింది తిరిగి రాదు. అందుకే అసలు డిస్కు పారేయకండి.

మూడున్నర గంటల వీడియో అనుకోండి. బొమ్మా శబ్దమూ కలిపి సెకనుకు 5 మెగాబిట్లకు పైగా ఉన్న సమాచారం 3కి పడిపోతుంది. మనుషులు కూర్చుని ఉన్న చోట తేడా పెద్దగా కనిపించదు. తలంబ్రాల దగ్గర వందల గింజలు ఒక్కోటి ఒక్కో దిక్కుకు ఎగురుతుంటాయి, పైన ఫోటోగ్రాఫర్ల ఫ్లాష్‌లు. ఫ్లాష్ వెలిగిన ప్రతిసారీ బొమ్మ మొత్తం మారిపోతుంది, 3 మెగాబిట్లు దానికి చాలవు. కాపీ ఎలా వచ్చిందో చూడాలంటే మొదటి ఐదు నిమిషాలు చూసి లాభం లేదు. తలంబ్రాలు చూడండి, రాత్రి ఊరేగింపు చూడండి.

ఇక కన్యాదానం ఎలా మాయమైందో చెప్తాను. రెండు పొరల డిస్కులో మొదటి పొర లోపలి నుంచి అంచు దాకా నడుస్తుంది, రెండోది ఎక్కువగా అంచు నుంచి వెనక్కి లోపలికి వస్తుంది. మనం పట్టుకునేది అంచే, గీతలు పడేదీ అక్కడే. ఆ దెబ్బ వీడియో నడిమధ్యన తగులుతుంది. కొన్ని ప్రోగ్రాములు చదవలేని చోటును చడీచప్పుడు లేకుండా దాటేసి, చివర్లో పని పూర్తయిందని చూపిస్తాయి. ఆ మాట నమ్మే అసలు డిస్కు పారేస్తారు. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఇలా జరిగినవే.

బొమ్మ మీద చెయ్యి వేయకుండా చోటు చేసుకునే దారులున్నాయి. ముందు శబ్దం సంగతి చూడండి. అది పీసీఎం రకమైతే, అంటే ఏమాత్రం కుదించనిదైతే, గంటకు 690 ఎంబీ దాకా తింటుంది. శబ్దాన్ని కుదించి దాచే డాల్బీ డిజిటల్ రకానికి, 192 కేబీపీఎస్ (సెకనుకు 192 కిలోబిట్లు) దగ్గర మారిస్తే గంటకు 86 ఎంబీతో సరిపోతుంది. రెండు గంటల వీడియోలో 1.2 జీబీ మిగిలినట్టే. అప్పటికీ అసలు సైజులో 80 శాతం కన్నా కిందికి కుదించాల్సి వస్తే నేనైతే కుదించను, రెండు డిస్కుల్లో విడివిడిగా పెడతాను. అలా చేస్తే ఒక్క చుక్క కూడా పోదు.

అసలుకు పూర్తి నకలు ఒకటి ముందే 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు, కాబట్టి డిస్కంతా ఒకే పెద్ద ఇమేజ్ ఫైలుగా కాకుండా, డిస్కులో వీడియో ఉండే వీడియో టీఎస్ (VIDEO_TS) ఫోల్డర్‌గా కాపీ చేయండి. అందులో ఒక్కో ఫైలు 1 జీబీకి మించదు.

అసలు డిస్కు, కాపీ రెండింటి నిడివీ నిమిషాలతో సహా కాగితం మీద రాసి పోల్చండి. తేడా ఉంటే ఎక్కడో ఎగిరిపోయిందని అర్థం.
కాపీ మొదటి నుంచి చివరి దాకా చూడండి. ముందుకు తిప్పుతూ కాదు, పూర్తిగా.
కంప్యూటర్లో చూస్తే చాలదు. పల్లెలో అమ్మమ్మ గారింట్లో ఏ ప్లేయర్ ఉందో దాంట్లో చూడండి.
16 ఎక్స్ వేగం డిస్కును 8 ఎక్స్ వేగంలోనే రైట్ చేయండి.
యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి, మధ్యలో కరెంటు పోతే ఆ డిస్కు పోయినట్టే.
రైట్ చేశాక డిస్కును సరిచూసే వెరిఫై ఆపేయకండి.
డిస్కు మీద బాల్‌పెన్‌తో రాయకండి. స్టిక్కర్ అంటించకండి.
ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టకండి.
చూడకుండా పారేయకండి. చూశాక కూడా పారేయకండి.
పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి. చేలో పిట్టలను బెదిరించడానికి కట్టకండి.
ఇల్లు దులిపే రోజు పొద్దున్నే డిస్కుల డబ్బా తీసి బీరువాలో పెట్టి తాళం వేయండి. అసలు డిస్కు పెట్టె మీద "అసలుది, పారేయొద్దు" అని పెద్ద అక్షరాలతో రాయండి, పనికి వచ్చిన మనిషికి కూడా కనిపించేలా.