షుగర్ డైట్ పాటిస్తే కిడ్నీలో రాయి

షుగర్ వచ్చిందనగానే అందరూ చెప్పిన మూడూ మొదలుపెట్టాను: పొద్దున్నే రాగి జావ, మధ్యాహ్నం పాలకూర పప్పు, సాయంత్రం గుప్పెడు బాదం. ఏడాది తిరక్కుండానే నడుములో పోటు, స్కానింగులో 6 మి.మీ. రాయి. కాల్షియం ఆక్సలేట్ రకమట. ఆక్సలేట్ అంటే కొన్ని ఆకుకూరల్లో, గింజల్లో సహజంగా ఉండే పదార్థం, కాల్షియంతో కలిస్తే రాయి కడుతుంది. పాలకూర, బాదం రెండూ ఆక్సలేట్ పుట్టలే, రాగుల్లోనూ కొంత ఉంటుంది!

రాయిలో కాల్షియం ఉందిగా అని పెరుగు మానేయబోయాను. డాక్టరుగారు ఆపారు. భోజనంతో పాటు పెరుగు, మజ్జిగ తీసుకుంటే అందులోని కాల్షియం ఆక్సలేట్‌ను పేగులోనే పట్టేసుకుంటుందట, కిడ్నీ దాకా పోనివ్వదట. ఉప్పు మాత్రం తగ్గించమన్నారు. ఆవకాయ జాడీ పై అరకెక్కింది. అదొక్కటే నాకు నిజమైన బాధ.

ఇక జావ. పల్చగా కాచి తాగితే రెండు గంటలకు మీటరులో 231. అదే పొట్టు పెసలతో వేసిన రెండు పెసరట్లు, అల్లం పచ్చడితో తింటే 158. మూడు రోజులు మార్చి మార్చి చూశాను, వరస అదే. జావ మానేశాను.

ఇప్పుడు ముందు బీరకాయో, సొరకాయో, క్యాబేజీయో ఒక గిన్నెడు కూర ఖాళీ చేసి, తర్వాతే అన్నం, అదీ ఒక్క కప్పు, చివర మజ్జిగ. "విస్తట్లో అన్నం కంటే కూరే ఎక్కువుంది, పెళ్ళివారు చూస్తే నవ్విపోతారు" అంటుంది మా ఆవిడ. మాత్రలు మానలేదు. నీళ్ళు రోజుకు మూడు లీటర్లు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 8.3 నుంచి 6.9కి దిగింది. మొన్నటి స్కానింగులో కొత్త రాయి లేదు.